ఖుబానీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: ఉర్దూలో ఆప్రికాట్‌కి ఆ పేరెందుకు, ఆ పండంటే అంత మమకారం ఎందుకు

మాది మలక్‌పేట, చిన్నప్పట్నుంచి పక్కింటి ఖాలా వాళ్ళింట్లో పండక్కో పెళ్ళికో ఖుబానీ కా మీఠా, అంటే ఎండు ఆప్రికాట్లు ఉడికించి చేసే తీపి, చేస్తే ఒక గిన్నె మా ఇంటికి వచ్చేది, అలా తింటూ పెరిగాను గానీ ఆ పేరు గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. తర్వాత ఫ్రెండ్స్, చుట్టాలు ఒక్కొక్కరూ అడగడం మొదలుపెట్టారు, అది ఖుబానీయా ఖుర్బానీయా, అసలు ఏ పండు, తెలుగులో పేరేంటి, లోపల గింజ తినొచ్చా అని. ఇన్నేళ్ళలో చదివినవీ విన్నవీ అన్నీ ఒకచోట పెడితే బావుంటుందనిపించి ఇది రాస్తున్నా.

ఉర్దూలో ఆప్రికాట్‌ని ఏమంటారు?

ఖుబానీ. ఉర్దూలో రాసేటప్పుడు ఖే, వావ్, బే, అలిఫ్, నూన్, యే అనే ఆరు అక్షరాలు వస్తాయి, వావ్ ఉంది కాబట్టి పుస్తకం ప్రకారం ఖూబానీ అని దీర్ఘం తియ్యాలి, కానీ మాటల్లో అందరూ పొట్టిగా ఖుబానీ అనే అంటారు. ఉర్దూలో ఇది ఆడపేరు, అంటే స్త్రీలింగం. పండు తియ్యగా ఉందని చెప్పాలంటే ఖుబానీ మీఠీ హై అనాలి, మీఠా హై అనకూడదు. ఒకటి కంటే ఎక్కువుంటే ఖుబానియాఁ. మరి ఖుబానీ కా మీఠా అంటారు కదా అని డౌట్ రావచ్చు, అక్కడ కా అనేది మీఠా అనే మాటకోసం వచ్చింది, మీఠా అంటే హైదరాబాద్‌లో తీపి వంటకం, అది పుంలింగం.

ఆ ఖ ని ఎలా పలకాలి?

మన ఖ కాదది. మన ఖ లో నాలుక వెనక భాగం అంగిలికి తగిలి ఒక్కసారిగా విడుస్తుంది, ఉర్దూ ఖే లో పూర్తిగా తగలదు, గొంతు దగ్గర గాలి రాసుకుంటూ బయటికొస్తుంది. ఖబర్, ఖజానా, ఖుదా, ఇవన్నీ అదే శబ్దం. తెలుగులో ఆ శబ్దం లేదు కాబట్టి మనం ఖ తో సరిపెట్టుకుంటాం, చాలామంది దాన్ని కూడా తేలిక చేసి కుబానీ అనేస్తారు. దాంట్లో తప్పేం లేదు, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి వచ్చిన మాట ఆ ఇంటి అలవాటు నేర్చుకుంటుంది.

మరి పెళ్ళి భోజనాల్లో ఖుర్బానీ కా మీఠా అని రాస్తారే, అది కరెక్టేనా?

ఇది అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న, కొంచెం ఓపిగ్గా చెప్తా.

ఖుబానీ వేరు, ఖుర్బానీ వేరు. రెండోదాని అసలు రూపం ఖుర్బానీ కూడా కాదు, ఉర్దూలో అది ఖాఫ్ అనే అక్షరంతో మొదలవుతుంది, గొంతు లోపల్నుంచి పలికే క లాంటి శబ్దం, ఉత్తరాదిలో ఖుర్బానీ అనకుండా కుర్బానీ అన్నట్టే వినిపిస్తుంది. అర్థం బలి, త్యాగం. బక్రీద్‌కి ఇచ్చేది అదే. పండుకీ దానికీ ఏ చుట్టరికం లేదు.

మరి ఇంత గందరగోళం ఎందుకొచ్చిందంటే, మన దక్కనీ ఉర్దూ వల్ల. హైదరాబాద్‌లో ఆ ఖాఫ్ అక్షరాన్ని కూడా ఖే లాగానే పలుకుతారు, ఇది దక్కనీకి గుర్తులాంటిది, లక్నో వాళ్ళు ఎదురుగా కూర్చుని వింటే రెండు నిమిషాల్లో ఈయన హైదరాబాదీ అని పట్టేస్తారు. దీనికి సాక్ష్యం మన తెలుగులోనే ఉంది చూడండి. ఖైదీ, ఖాయం, ఖరారు, ఖిల్లా, ఖాజీ, ఖీమా, ఇవన్నీ అసలు ఉర్దూలో ఖాఫ్ తో మొదలయ్యే మాటలు, ఖే తో కాదు. పక్కన మరాఠీ వాళ్ళు కైదీ, కాయం, కిల్లా అంటారు, మనం మాత్రం ఖ పెట్టాం, ఎందుకంటే మనం ఆ మాటల్ని విన్నది దక్కనీ నోటినుంచి. కాగితం మీద కాకుండా చెవితో తెచ్చుకున్న మాటలు ఇవి, నాకు ఈ విషయం మొదటిసారి తట్టినప్పుడు చాలా సంతోషం వేసింది.

అలా హైదరాబాద్‌లో రెండు మాటలూ ఒకే శబ్దంతో మొదలవుతాయి, మధ్యలో ఒక్క ర తేడా. బక్రీద్ వల్ల ఖుర్బానీ అనే మాట అందరికీ తెలుసు, ఖుబానీ పండు పేరు ముస్లిం ఇళ్ళ బయట పెద్దగా తెలీదు, కాబట్టి తెలిసిన మాట తెలియనిదాని మీద ఎక్కి కూర్చుంది. ఇంగ్లీష్ అక్షరాల్లో మెనూ రాసేవాళ్ళు కూడా దీన్ని క్యూ అక్షరంతో రాస్తారు, క్యూ అనేది మామూలుగా ఖాఫ్ కి వాడేది, అసలు పేరులో ఖాఫ్ లేనే లేదు, అదొకటి ఇంకాస్త చిక్కు పెంచింది.

ఇంకో విషయం, పంజాబీలో ఈ పండునే ఖుర్మానీ అంటారు, హిందీలో ఖుమానీ అనేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి మాట నోళ్ళలో పడి మారడం మన దగ్గరే జరిగింది కాదు. అయినా నా మాట మాత్రం ఖుబానీ అనే అనండి, ఎందుకో కింద చెప్తా, ఆ పేరులో మంచి అర్థం ఉంది, దాన్ని బలి అనే మాటతో కప్పేస్తే నాకు బాధగా ఉంటుంది.

ఆ పేరుకి అర్థమేంటి?

ఖూబ్ అంటే ఫార్సీలో మంచి, బాగున్న, అందమైన అని. ఖూబ్‌సూరత్ లో ఉన్నది అదే, ఖూబీ అంటే మంచి గుణం అన్నది కూడా అక్కడ్నుంచే. ఉర్దూ కవిత్వంలో ఖూబాఁ అంటే అందగత్తెలు, అందగాళ్ళు, మనసు దోచినవాళ్ళు. ఖుబానీలో వినపడేది ఈ ఖూబే. అంటే ఒక పండుని చూసి ఇది మంచిది, ఇది బాగుంది అని పేరు పెట్టేశారు. రంగు చూసి కాదు, ఊరు పేరు పెట్టి కాదు, నచ్చిందని చెప్పి పెట్టిన పేరు.

ఈ పండు మీద ఇష్టం ఎంత పాతదో మొఘల్ చక్రవర్తి బాబర్ రాసింది చూస్తే తెలుస్తుంది. ఆయన పుట్టింది 1483లో, ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఉన్న అందిజాన్‌లో, ఫర్గానా లోయలో. ఆయన తన ఆత్మకథలో పక్క ఊరు మర్గిలాన్ గురించి రాస్తూ అక్కడి ఆప్రికాట్ల గింజ తీసేసి ఆ స్థానంలో బాదం పెట్టి ఎండబెడతారని, దాన్ని సుబ్‌హానీ అంటారని, చాలా రుచిగా ఉంటుందని చెప్పాడు. సొంతూరు పోగొట్టుకుని హిందుస్తాన్‌లో రాజ్యం స్థాపించిన మనిషికి అన్నేళ్ళ తర్వాత కూడా ఊరి ఎండు ఆప్రికాట్ గుర్తుంది చూడండి.

జర్దాలు అన్నా ఇదేనా? అందులో ఆలు అంటే బంగాళదుంపా?

జర్దాలు ఇదే పండు, బంగాళదుంప కాదు. ఫార్సీలో ఆలూ అంటే ప్లమ్ లాంటి పండు. జర్ద్ అంటే పసుపు. జర్ద్ ఆలూ అంటే పసుపు ఆలూ పండు. ఆలూ బుఖారా అంటే బుఖారా ఊరి ప్లమ్. శఫ్తాలూ అంటే పీచ్. దక్షిణ అమెరికా నుంచి దుంప మన దేశానికి వచ్చేనాటికి ఆలూ అనే మాట ఇక్కడ ఉంది, దుంపకి ఆ పేరు తర్వాత అంటుకుంది. ఇరాన్‌లో ఈ రోజుకీ బంగాళదుంపని సీబ్‌జమీనీ అంటారు, నేల ఆపిల్ అని అర్థం.

గుజరాతీ, మరాఠీ వాళ్ళు ఆప్రికాట్‌ని జర్దాళూ అనే అంటారు, పార్సీల ఇళ్ళలో మటన్‌తో కలిపి జర్దాలూ సల్లీ బోటీ చేస్తారు, పైన సన్నగా వేయించిన బంగాళదుంప పుల్లలు వేస్తారు, అంటే ఒకే ప్లేట్లో ఆ ఆలూ ఈ ఆలూ రెండూ ఉంటాయి. బీహార్ భాగల్‌పూర్‌లో జర్దాలు అనే మామిడి రకం కూడా ఉంది, 2018లో దానికి జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ప్రాంతానిదే అనే ప్రభుత్వ గుర్తింపు, వచ్చింది, దాని పసుపు రంగు చూస్తే ఆ పేరెందుకో అర్థమవుతుంది.

తెలుగులో ఈ పండు పేరేంటి? నేరేడు అని చూశాను?

నేరేడు కాదు, దయచేసి అలా రాయకండి. ఆన్‌లైన్‌లో తెలుగు పేర్ల లిస్టులు కొన్నిట్లో ఆప్రికాట్ అంటే నేరేడు పండు అని ఉంటుంది, దాన్ని చూసి ఇంకొకళ్ళు కాపీ కొడుతుంటారు. నేరేడంటే మనకి తెలిసిందే, నల్లగా, వగరుగా, నాలుక ఊదారంగు చేసేది, మన ఊళ్ళల్లో జూన్‌లో రోడ్ల మీద రాలి పడేది. ఆప్రికాట్ గులాబీ కుటుంబానికి చెందిన చెట్టు, చల్లటి దేశాలది, రెండిటికీ సంబంధమే లేదు.

మన నేల మీద పండని పండుకి మన పాత మాట ఉండాలన్న పట్టుదల అక్కర్లేదు. ఎండు పండుగా మన దగ్గరకి వచ్చింది, వచ్చేటప్పుడు ఖుబానీ అనే పేరు వెంట తెచ్చుకుంది, ఆ పేరే మనది. జల్దారు అనే మాట కొన్ని చోట్ల కనిపిస్తుంది, అది జర్దాలుకి మారిన రూపంలా ఉంటుంది, అదీ వాడుకోవచ్చు.

మన దగ్గర చెట్టు పెంచొచ్చా?

కాయదు. చలికాలంలో కొన్ని వందల గంటలు గట్టి చలి తగిలితేనే మొగ్గలు నిద్ర లేస్తాయి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అంత చలి లేదు. హిమాచల్, ఉత్తరాఖండ్, కశ్మీర్, లడఖ్ వరకు వెళ్ళాల్సిందే.

ఇంగ్లీష్‌లో ఆప్రికాట్ అనే మాట కూడా ఉర్దూ నుంచి వచ్చిందా?

లేదు, కానీ దాని కథ కూడా బావుంటుంది. లాటిన్‌లో ముందుగా పండేది అనే అర్థంలో ప్రైకాక్స్ అన్నారు, ఎందుకంటే పీచ్ కంటే ముందే వస్తుంది. ఆ మాట గ్రీకులోకి వెళ్ళి, అక్కడ్నుంచి అరబ్బీలో అల్ బర్ఖూఖ్ అయ్యి, స్పెయిన్‌లో అల్బరికోకే అయ్యి, చివరికి ఇంగ్లీష్‌కి చేరింది. రోమ్ నుంచి బయల్దేరి మధ్యధరా సముద్రం చుట్టూ తిరిగి మళ్ళీ యూరప్‌కే వచ్చిన మాట అన్నమాట. ఇంకో విచిత్రం, ఇప్పుడు చాలామంది అరబ్బులకి బర్ఖూఖ్ అంటే ప్లమ్, ఆప్రికాట్‌ని వాళ్ళు మిష్‌మిష్ అంటారు.

హైదరాబాద్ పెళ్ళిళ్ళలో ఇది ఎందుకంత ముఖ్యం?

ఆసఫ్ జాహీల కాలంలో, అంటే 1724 నుంచి 1948 వరకు, హైదరాబాద్ దర్బారు భాష ముందు ఫార్సీ, తర్వాత ఉర్దూ. ఇరాన్, మధ్య ఆసియా నుంచి వచ్చిన కుటుంబాలు, వాళ్ళ వంటలు, ఎండు పండ్లు, అన్నీ ఇక్కడికి చేరాయి. పచ్చి ఆప్రికాట్ చాలా సున్నితం, కోసిన కొన్ని రోజుల్లోనే మెత్తబడి పోతుంది, దక్కన్ దాకా రాదు. ఎండిందైతే నెలలు నిలవుంటుంది. అందుకే గిల్గిత్‌లోనో కాబూల్‌లోనో ఖుబానీ అంటే చెట్టు, పువ్వు, పచ్చి పండు, ఎండు పండు, నూనె అన్నీ గుర్తొస్తాయి, హైదరాబాద్‌లో ఖుబానీ అంటే మాత్రం ముడతలు పడ్డ గోధుమ రంగు గట్టి ఎండు పండు, అది ఉడికిన తీపి. మనం చెట్టుని చూడకుండానే పండుని ప్రేమించినవాళ్ళం.

ఎండుదే కాబట్టి, దూరం నుంచి వచ్చేది కాబట్టి ఖరీదు, ఖరీదు కాబట్టి పెళ్ళికి పెడితే గౌరవం. బిర్యానీ తిన్నాక డబుల్ కా మీఠా పెట్టిన పెళ్ళి ఒక రకం, ఖుబానీ కా మీఠా పైన తెల్లటి మీగడ వేసి పెట్టిన పెళ్ళి ఇంకో రకం అని పాతకాలం వాళ్ళు లెక్కేసేవాళ్ళు. ఇంకోటి, రుచి పరంగా కూడా అది బిర్యానీ తర్వాత సరిగ్గా కుదురుతుంది, ఎందుకంటే తీపి వెనక కొంచెం పులుపు ఉంటుంది, నెయ్యి మసాలా తిన్న నోటికి ఆ పులుపు హాయిగా ఉంటుంది. గులాబ్ జామ్ తింటే ఇంకా బరువనిపిస్తుంది, ఇది తింటే తేలికవుతుంది. ఇప్పుడు తెలుగువాళ్ళ రిసెప్షన్లలో కూడా ఐస్‌క్రీమ్ పక్కన ఇది లేకపోతే ఏదో తక్కువైందంటారు, ఒక ముస్లిం ఇంటి తీపి మన అందరి పెళ్ళి తీపి అయ్యింది, హైదరాబాద్‌లో నాకు బాగా నచ్చే విషయాల్లో ఇదొకటి.

ఇంట్లో ఎలా చేస్తారు?

ఖాలా దగ్గర చూసి నేర్చుకున్నదే చెప్తున్నా. పావుకిలో గింజలున్న ఎండు ఖుబానీ తీసుకుని కడిగి, రెండు పెద్ద గ్లాసుల నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్నకి ఉబ్బి మెత్తబడతాయి, గింజలు తీసి పక్కన పెట్టుకోవాలి, నానబెట్టిన నీళ్ళు మాత్రం పారబొయ్యకండి, రంగూ రుచీ సగం అందులోనే ఉంటాయి. ఆ నీళ్ళతోనే పండ్లని చిన్న మంట మీద ఉడికించాలి, అరగంట పైనే పడుతుంది, మధ్యమధ్యలో గరిటెతో మెదుపుతూ ఉండాలి, కొన్ని ముక్కలు ముక్కలుగానే ఉండనివ్వాలి, మరీ పేస్టులా చేస్తే జామ్ తిన్నట్టుంటుంది.

పంచదార మాత్రం పండు బాగా మెత్తబడ్డాకే వెయ్యండి. ముందే వేస్తే పండు గట్టిపడి ఇంక ఉడకదు, ఖాలా ఈ మాట నాకు కనీసం పదిసార్లు చెప్పుంటుంది, "సబర్ కర్ బేటా, చీనీ బాద్ మే" అని, అంటే ఓపిక పట్టు, పంచదార తర్వాత అని. పావుకిలోకి 100 గ్రాముల దాకా పడుతుంది, పండు తీపిని బట్టి తగ్గించుకోవచ్చు. దగ్గరపడి తేనెలా అయ్యాక దించెయ్యాలి, చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. చివర్లో పక్కన పెట్టిన గింజల్ని రోకలితోనో రాయితోనో జాగ్రత్తగా పగలగొట్టి లోపలి పప్పు తీసి, వేడినీళ్ళలో నానబెట్టి పొట్టు తీసి పైన చల్లుతారు. తినేటప్పుడు మీగడ. కస్టర్డ్, వెనిలా ఐస్‌క్రీమ్ కూడా వేసుకుంటారు, నాకైతే పాల మీగడే.

ఆ గింజలోపలి పప్పు బాదమేనా? తినొచ్చా?

బాదం కాదు గానీ బాదంకి దగ్గర చుట్టం, రెండు చెట్లూ ఒకే జాతి. చూడటానికి చిన్న బాదంలాగే ఉంటుంది. ఇందులో తీపి పప్పు ఉండే రకాలూ ఉన్నాయి, చేదు పప్పు ఉండే రకాలూ ఉన్నాయి, బయట్నుంచి చూస్తే తేడా తెలీదు, కొరికితేనే తెలుస్తుంది. మీఠాలో వేసేది తీపి పప్పే.

చేదుది తినకూడదు. ఇది భయపెట్టడానికి చెప్పడం కాదు, నిజంగా ప్రమాదం. చేదు పప్పులో అమిగ్డాలిన్ అనేది ఉంటుంది, అది ఒంట్లోకి వెళ్ళాక సయనైడ్ విడుదల చేస్తుంది. యూరప్ ఆహార భద్రత సంస్థ 2016లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళు ఒకేసారి చిన్న పచ్చి పప్పులు మూడు మించి తిన్నా, పెద్ద పప్పైతే సగం కూడా తినకముందే సురక్షిత హద్దు దాటుతుంది, చిన్నపిల్లలకి ఒక్క చిన్న పప్పు చాలు. కాబట్టి పగలగొట్టిన గింజల్లోంచి కొంచెం కొరికి చూడండి, చేదనిపిస్తే ఉమ్మేసి మొత్తం పడేసి బయట కొన్న మామూలు బాదం వేసుకోండి.

విటమిన్ బి 17 అని, క్యాన్సర్ తగ్గుతుందని ఈ చేదు పప్పుల్ని అమ్మేవాళ్ళు కనిపిస్తారు. అలాంటి విటమిన్ లేనే లేదు, అదే అమిగ్డాలిన్‌కి పెట్టిన అమ్మకపు పేరు, క్యాన్సర్ మీద పనిచేస్తుందని రుజువు కాలేదు, తిని సయనైడ్ విషంతో ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు. మీ ఇంట్లో ఎవరైనా జబ్బుతో ఉంటే వాళ్ళకి ఇది ఎవరో వాట్సాప్‌లో పంపిస్తారు, దయచేసి ఆపండి.

ఉర్దూ మాట్లాడే ఊళ్ళలో ఈ పండు ఎక్కడ పండుతుంది, అక్కడివాళ్ళకి దీని అర్థమేంటి?

పాకిస్తాన్ వైపు గిల్గిత్ బల్తిస్తాన్, ముఖ్యంగా హుంజా, నగర్, స్కర్దూ. అక్కడివాళ్ళ ఇంటి భాషలు షీనా, బురుషస్కీ, బల్తీ, కానీ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకునే భాష ఉర్దూ, కాబట్టి బజార్లో బోర్డు మీద ఖుబానీ అనే ఉంటుంది. మన వైపు లడఖ్, కార్గిల్‌లో కూడా అంతే, ఇంట్లో లడఖీ, బల్తీ భాషల్లో చులీ అంటారు, బయటివాళ్ళతో ఖుబానీ అంటారు.

ఆ కొండల్లో వాన దాదాపు ఉండదు, మంచు కరిగి వచ్చే నీళ్ళని కాలవలు తవ్వి పొలాలకి తెచ్చుకోవాలి, చలికాలం ఆరు నెలలు ఏమీ పండదు. అలాంటి చోట జులై ఆగస్టుల్లో ఒక్కసారిగా చెట్టు నిండా పండుతుంది ఖుబానీ. తినగలిగినన్ని తింటారు, మిగిలినవి రెండుగా చీల్చి ఇంటి పైకప్పుల మీద, బండల మీద ఎండబెడతారు, ఆ రోజుల్లో కొండమీంచి చూస్తే ఊరి కప్పులన్నీ నారింజ రంగులో ఉంటాయి. చలికాలంలో వాటితోనే సూప్ కాస్తారు, పిండిలో కలుపుతారు. గింజ పగలగొట్టి నూనె తీస్తారు, వంటకి, ఒంటికి, తలకి, ఒకప్పుడు దీపానికి కూడా అదే. పగిలిన పెంకు పొయ్యిలోకి, ఎండిన కొమ్మ కూడా పొయ్యిలోకి, ఆకు మేకలకి. మనకి కొబ్బరి చెట్టో తాటి చెట్టో ఎలాగో వాళ్ళకి ఇది అలాగ, ఏదీ పారెయ్యరు. ఆస్తి ఎంతంటే ఎన్ని చెట్లున్నాయని చూసేవాళ్ళట.

వసంతంలో పూలు. మార్చి చివర్నుంచి ఏప్రిల్ దాకా, ఆకు ఇంకా రాకముందే కొమ్మల నిండా తెలుపు గులాబీ కలిసిన పూలు పూస్తాయి, వెనక మంచు కొండ, ముందు ఈ పూలు. ఆరు నెలల చలి తర్వాత కనిపించే మొదటి రంగు అది, అందుకే వాళ్ళకి ఖుబానీ పువ్వంటే చలి అయిపోయిందన్న కబురు. లడఖ్‌లో ఏప్రిల్‌లో పూల పండగ కూడా చేస్తున్నారు, హుంజాకైతే ఆ రోజుల్లోనే జనం ఎగబడి వెళ్తారు.

లడఖ్ రకాల్లో రక్త్సే కార్పో అనేది చెప్పుకోవాల్సింది. కార్పో అంటే తెలుపు. మామూలు ఆప్రికాట్ గింజ గోధుమ రంగులో ఉంటే దీని గింజ తెల్లగా ఉంటుంది, పండు బాగా తీపి, లోపలి పప్పు కూడా తీపే. 2022లో దీనికి జీఐ ట్యాగ్ వచ్చింది, లడఖ్‌కి అదే మొదటిది. తీపి పప్పున్న రకాల్ని అక్కడ ఒక పేరుతో, చేదు పప్పున్నవాటిని ఖంతే అని ఇంకో పేరుతో పిలుస్తారు, చూడండి, మనం ఇక్కడ కొరికి తెలుసుకునేది వాళ్ళు చెట్టు పేరులోనే పెట్టుకున్నారు.

హుంజాలో ఖుబానీ తిని 120 ఏళ్ళు బతుకుతారంట కదా?

ఈ మాట చాలా పాతది, నిజం కాదు. పాతకాలంలో అక్కడ పుట్టిన తేదీలు రాసి పెట్టుకున్న రికార్డులే లేవు, వయసు అడిగితే ఊళ్ళో గౌరవాన్ని బట్టి చెప్పేవాళ్ళు. దీని వెనక ఒక డాక్టర్ పేరు వినిపిస్తుంది, రాబర్ట్ మెక్‌కారిసన్. ఆయన 1900ల మొదట్లో గిల్గిత్‌లో పనిచేసి, హుంజావాళ్ళ ఆరోగ్యం, వాళ్ళ సాదా తిండి గురించి మెచ్చుకుంటూ రాశాడు. తర్వాతొచ్చినవాళ్ళు దాన్ని సాగదీసి 120, 140 దాకా తీసుకెళ్ళారు.

ఆయనకీ మన హైదరాబాద్‌కీ ఒక సంబంధం ఉంది తెలుసా. మెక్‌కారిసన్ 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధన కేంద్రమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కి మారింది, 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాక మీదుగా వెళ్ళేవాళ్ళు రోజూ చూసే ఆ ఎన్ఐఎన్ అదే. ఖుబానీ తినే కొండజనాన్ని చూసి తిండి గురించి ఆలోచించిన మనిషి మొదలుపెట్టిన సంస్థ, ఖుబానీ మీఠా తినే ఊరికి వచ్చి చేరింది.

వేరే దేశాల్లో ఈ పండు మీద ఏమైనా సామెతలు, నమ్మకాలు ఉన్నాయా?

చాలా ఉన్నాయి, నాకు నచ్చినవి కొన్ని చెప్తా. ఈజిప్ట్‌లో బుక్రా ఫిల్ మిష్‌మిష్ అంటారు, రేపు ఆప్రికాట్ల కాలంలో అని. ఆ సీజన్ కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతుంది కాబట్టి, జరగని పనికి ఆ మాట వాడతారు. టర్కీలో ఇంతకంటే మంచిది కావాలంటే డమాస్కస్‌లో ఆప్రికాటే అంటారు, అంటే ఇదే అన్నిటికన్నా బెస్ట్ అని. ఆ డమాస్కస్ నుంచే ఖమరుద్దీన్ అనే పల్చటి ఆప్రికాట్ తాండ్ర వస్తుంది, మన మామిడి తాండ్ర లాంటిది, రంజాన్ నెలలో దాన్ని నీళ్ళలో కరిగించి ఇఫ్తార్‌కి తాగుతారు.

ఆర్మేనియావాళ్ళకి ఇది జాతీయ పండు లెక్క, జెండా కింది పట్టీ రంగుని ఆప్రికాట్ రంగనే చెప్పుకుంటారు, దుడుక్ అనే వాళ్ళ ఊదే వాయిద్యం ఆప్రికాట్ కర్రతోనే చేస్తారు, ఆ సంగీతం 2008 నుంచి యునెస్కో లిస్టులో ఉంది. శాస్త్రీయ నామంలో కూడా ఆర్మేనియా పేరే ఉంది, చెట్టు పుట్టిల్లు మాత్రం ఇంకా తూర్పున, మధ్య ఆసియా, చైనా వైపు.

చైనా కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. డాంగ్ ఫెంగ్ అనే వైద్యుడు రోగుల దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదట, పెద్ద జబ్బు నయమైతే అయిదు ఆప్రికాట్ చెట్లు, చిన్నదైతే ఒకటి నాటి వెళ్ళమనేవాడట. అలా అడవే అయ్యింది. ఇప్పటికీ చైనాలో వైద్యవృత్తిని ఆప్రికాట్ వనం అంటారు.

కొనేటప్పుడు ఏం చూడాలి? నారింజ రంగువి మంచివా, గోధుమ రంగువా?

సూపర్ మార్కెట్లో మెత్తగా, నారింజ రంగులో, గింజ లేకుండా ఉండేవి ఎక్కువగా టర్కీవి, మలాత్యా అనే ప్రాంతం ఎండు ఆప్రికాట్లకి ప్రపంచంలోనే పెద్ద కేంద్రం. ఆ రంగు నిలవడానికి సల్ఫర్ డయాక్సైడ్ పట్టిస్తారు, చాలామందికి ఏమీ కాదు గానీ ఆస్తమా ఉన్నవాళ్ళు కొందరికి పడదు, ప్యాకెట్ చూసి తీసుకోండి. మీఠాకి కావాల్సింది గోధుమ రంగు, గుండ్రంగా, గింజతో ఉండేది. బేగంబజార్ డ్రైఫ్రూట్ షాపుల్లో ఖుబానీ హోనా భాయ్ అంటే అదే ఇస్తారు. చేతిలోకి తీసుకుని చూడండి, గట్టిగా ఉన్నా పర్లేదు, పైన తెల్లటి బూజు, పురుగు కన్నాలు ఉండకూడదు, పాత నూనె వాసన రాకూడదు. అఫ్గానిస్తాన్ సరుకు మీద ధర చాలావరకు ఆధారపడుతుంది, 2021 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం మారినప్పుడు ఎండుపండ్ల రేట్లు ఎలా ఎగిరాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్ళు తినొచ్చా?

ఎండు పండులో పీచు, పొటాషియం, విటమిన్ ఎ గా మారే పదార్థం బాగా ఉంటాయి, కానీ నీళ్ళు పోయి తీపి చిక్కబడి ఉంటుంది. రెండు మూడు పండ్లు వేరు, పంచదార వేసిన మీఠా గిన్నెడు వేరు. మీ డాక్టర్‌ని అడిగే తినండి.

అమెరికాలో ఉంటున్నాం, టర్కీ ఆప్రికాట్లతో మీఠా చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. రాత్రంతా అక్కర్లేదు, రెండు గంటలు నానితే చాలు, ముందే మెత్తగా ఉంటాయి. రంగు లేతగా వస్తుంది, పులుపు కొంచెం ఎక్కువ, గింజ ఉండదు కాబట్టి పైన బాదం పలుకులే. అదే రుచి కావాలంటే మాత్రం ఇండియన్ స్టోర్‌లో గింజలున్న ప్యాకెట్ వెతకండి, గుజరాతీ వాళ్ళ షాపైతే దాని మీద ఖుబానీ అని ఉండదు, జర్దాలు అని ఉంటుంది, అదే తీసుకోండి.